చదివితే వార్త, చెబితే నోరు

మొన్నొక సాయంత్రం అమ్మా నేనూ టీవీలో క్రికెట్ మ్యాచ్ చూస్తున్నాం. అమ్మకి ఎనభై దాటాయి. చూపు బాగా తగ్గింది కాబట్టి ఆమె మ్యాచ్‌ని చూడదు, వింటుంది. వ్యాఖ్యాతల గొంతుల్ని బట్టే ఎవరు అవుటయ్యారో, బంతి ఎక్కడిదాకా పోయిందో పోల్చుకుంటుంది. ఓవరు మారింది. మైకు ఒక స్త్రీ చేతికి వచ్చింది. దేశం తరఫున ఆడిన మనిషి ఆమె. బౌలర్ చెయ్యి ఏ ఎత్తు నుంచి దిగుతోందో, అందువల్ల బంతి ఎటు తిరుగుతోందో వివరిస్తోంది. నా చెయ్యి నాకు తెలియకుండానే రిమోట్ మీదికి పోయింది. శబ్దం రెండు మెట్లు తగ్గించాను.

"ఎందుకే తగ్గించావు? ఆ పిల్ల బాగానే చెబుతోందిగా" అంది అమ్మ.

నా దగ్గర జవాబు లేదు. అంతకుముందు అరగంట సేపు అదే మైకులో ఇద్దరు మగవాళ్లు అరుస్తూనే ఉన్నారు. వాళ్ల శబ్దం తగ్గించాలని నాకు తోచలేదు. స్త్రీవాద సాహిత్యం చదువుకుని, పాఠం చెప్పుకుని, దాని మీదే నాలుగు మెతుకులు తింటున్న నా చెవి ఎవరి చెవి? ఆ రెండు మెట్ల గురించి ఆలోచించడం మొదలుపెడితే ఈ వ్యాసం వచ్చింది.

టీవీ వ్యాఖ్యాతను ప్రేక్షకులు ఎందుకు నమ్ముతారు అని అడిగితే మీడియా పాఠాలు చెప్పేవాళ్లు ఇచ్చే జవాబు మనకు తెలిసిందే. స్వరం గంభీరంగా, నిదానంగా, తొణక్కుండా ఉండాలి అంటారు. చూడటానికి ఇది ఆడా మగా తేడా లేని సూత్రంలా ఉంటుంది. కానీ 'గంభీరం' అన్న మాట మన భాషలో ఎవరి గొంతుకు వాడతామో ఒక్కసారి గుర్తు తెచ్చుకుంటే, సూత్రంలోనే మనకు చోటు లేదని అర్థమవుతుంది.

మగవాడి గొంతును మెచ్చుకోవడానికి తెలుగులో ఉన్న మాటలు చూడండి. కంచుకంఠం, మేఘగంభీర స్వరం, సింహగర్జన. లోహం, మేఘం, మృగరాజు. ఆడదాని గొంతును మెచ్చుకోవాలంటే కోకిల కంఠం, తేనె పలుకులు, చిలక పలుకులు. ఇవన్నీ ప్రేమగా అనే మాటలే, కాదనను. కానీ చిలక ఏం చేస్తుంది? నేర్పింది పలుకుతుంది. ఆడదాని మాటకు మన భాష ఇచ్చిన గొప్ప ప్రశంసల్లో ఒకటి, ఎవరో నేర్పింది ముద్దుగా తిరిగి చెబుతావు అని. ఇక నేర్పనిది సొంతంగా, కాస్త గట్టిగా అంటే దానికీ మాటలున్నాయి. గయ్యాళి, నోరుగలది, కీచుగొంతు, నోరేసుకుని పడటం. ఈ మాటలకు సమానమైన పుంలింగాలు వెతికి చూడండి, దొరకడం కష్టం. సూర్యకాంతం ఎంత గొప్ప నటి! 'గుండమ్మ కథ' 1962లో వచ్చింది. ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా ఆమె పేరును మనం ఒక తిట్టుగానే వాడుతున్నాం. ఆమె మాటల్లో హాస్యం ఎంత ఉందో, సమయం తెలిసి విరవడం ఎంత ఉందో మాట్లాడేవాళ్లు తక్కువ. గొంతు ఒక్కటే మిగిలింది.

సన్నగొంతున్న మగవాడి సంగతి కూడా చెప్పుకోవాలి. అతన్ని 'ఆడగొంతు' అని వెక్కిరిస్తారు. తిట్టు అతనికే, కానీ ఆ తిట్టులో తక్కువ చేసింది మన గొంతుని. గొంతు విషయంలో ట్రాన్స్ స్త్రీలు వీధిలో ఎదుర్కొనే అవమానం ఇంకా తీవ్రమైనది. కాబట్టి ఇది ఎవరి గొంతు ఎలా ఉంది అన్న చిన్న ప్రశ్న కాదు. ఏ గొంతుకు అధికారం ఉండాలి అన్న ప్రశ్న.

ప్రసార మాధ్యమాల చరిత్రలో ఈ ప్రశ్న మొదటి నుంచీ ఉంది. 1933లో బీబీసీ రేడియో షీలా బొరెట్ అనే ఆమెను అనౌన్సరుగా తీసుకుంది. వార్తలు కూడా చదివించింది. మూడు నెలలైనా తిరగకుండా పక్కన పెట్టేసింది. వేల ఫిర్యాదులు వచ్చాయని, వాటిలో ఎక్కువ స్త్రీలు రాసినవేనని చెప్పుకున్నారు. స్త్రీలే రాశారన్న మాటను అడ్డుపెట్టుకుని సంస్థ తన నిర్ణయాన్ని కడిగేసుకుంది. టెలివిజన్ వచ్చాక 1960లో నాన్ వింటన్ బీబీసీ జాతీయ వార్తలు చదివారు. రాత్రి వార్తలు ఆడమనిషి చదవడం ప్రేక్షకులకు ఆమోదం కాదని ఒక సర్వేలో తేలిందని ఆమెనూ తప్పించారు. ఆ తర్వాత ఏంజెలా రిప్పన్ 1975లో క్రమం తప్పకుండా వార్తలు చదివేదాకా పదిహేనేళ్లు పట్టింది. ఆ పదిహేనేళ్లలో ఆడవాళ్ల స్వరపేటికలు మారిపోలేదు. ప్రేక్షకుల చెవులు మారాయి, లేదా మార్చుకోక తప్పలేదు. 1960లో నమ్మదగనిదిగా ఉన్న గొంతు 1975కి నమ్మదగినది అయిందంటే, నమ్మకం గొంతులో లేదన్నమాటే కదా.

మన దేశం కథ వేరుగా నడిచింది. అది నాకు మరింత ఆసక్తిగా అనిపిస్తుంది. 1965లో దూరదర్శన్ ఐదు నిమిషాల వార్తల బులెటిన్ మొదలుపెట్టినప్పుడు దాన్ని చదివింది ప్రతిమా పురి. అంటే బీబీసీ టెలివిజన్ అప్పటికింకా తేల్చుకోలేకపోతున్న విషయాన్ని దూరదర్శన్ మొదటి అడుగులోనే తేల్చేసింది. ఆకాశవాణి తెలుగు వార్తల్లో మాడపాటి సత్యవతి గొంతు వినగానే గుర్తుపట్టే ఇళ్లు ఎన్నో ఉండేవి. "వార్తలు చదువుతున్నది..." అని ఆగి, పేరు చెప్పడం మనందరి చెవుల్లో ఉంది. ఆ 'చదువుతున్నది' అన్న మాటలో నాకు ఒక ముచ్చట కనిపిస్తుంది. మన వ్యాకరణం ఏకవచనంలో ఆడవాళ్లను పశుపక్ష్యాదులతో, రాళ్లతో రప్పలతో కలిపి అమహత్తులో పడేసింది. కానీ ఈ వాక్యంలో మాత్రం 'చదువుతున్నది' తర్వాత జగ్గయ్య పేరు వచ్చినా సత్యవతి పేరు వచ్చినా మాట మారదు. ఆ ఒక్క వాక్యంలో ఆడా మగా ఇద్దరూ ఒకే 'ది'లో నిలబడ్డారు.

1984 అక్టోబరు 31 సాయంత్రం ఇందిరాగాంధీ మరణవార్తను దూరదర్శన్‌లో చదివింది సల్మా సుల్తాన్. ఆ రోజు దేశానికి అంతకంటే పెద్ద వార్త లేదు. దాన్ని ఒక స్త్రీ స్వరం చెప్పింది. ఆడమనిషి చెప్పిందని ఎవరూ అనుమానించలేదు. స్త్రీ స్వరానికి విశ్వసనీయత ఉండదు అనేవాళ్లకు ఈ ఒక్క సాయంత్రం చాలు. అయితే మనం అక్కడితో సంతోషపడి ఆగిపోకూడదు. కాల్పులు జరిగింది పొద్దున. బీబీసీ ఆ వార్తను పగలే చెప్పేసింది. సర్కారు ప్రసారం సాయంత్రం దాకా నోరు విప్పలేదు. సల్మా సుల్తాన్ గొంతులో నిజాయితీ ఉంది, ఆ గొంతుకు వార్తను అందించడానికి గంటల తరబడి ఆలోచించుకున్న సంస్థ ఆ గొంతు వెనక ఉంది. మనం నమ్మింది ఎవరిని? స్వరాన్నా, స్వరం వెనక ఉన్న ముద్రనా?

నాకు అర్థమైనంతవరకు చిక్కుముడి ఇక్కడే ఉంది. స్త్రీ చదివితే నమ్ముతారు. చెబితే నమ్మరు. చేతిలో కాగితం ఉండి, ఆ కాగితం మీద సంస్థ ముద్ర ఉన్నంతసేపు ఆమె స్వరం 'స్పష్టంగా', 'శ్రావ్యంగా' ఉంటుంది. కాగితం పక్కన పెట్టి, ఇది తప్పు, ఇది ఒప్పు, ఇది నా అంచనా అని మొదలుపెట్టగానే అదే స్వరం 'కీచుగా' మారిపోతుంది. ఇంగ్లండులో మొదట చదవడానికే ఒప్పుకోలేదు. మనదేశంలో చదవడానికి తొందరగా ఒప్పుకున్నారు. గీత ఎక్కడ గీశారన్న దాంట్లోనే తేడా.

ఈ గీతను నేను చాలా ముందే మా ఇంట్లో చూశాను, కానీ అప్పుడు పోల్చుకోలేదు. మా తాతయ్యకి చూపు పోయాక రోజూ పొద్దున్నే అమ్మ వరండాలో కూర్చుని ఆయనకు పేపరు చదివి వినిపించేది. కోడలి గొంతు వీధి గుమ్మం దాటకూడదని పట్టుదల ఉన్న ఇంట్లో, ఆ ఒక్క గంట ఆమె గొంతు వీధిలోకి వినిపించడానికి అనుమతి ఉండేది. "మా కోడలు ఎంత చక్కగా చదువుతుందో" అని తాతయ్య వచ్చినవాళ్లకు గర్వంగా చెప్పేవాడు కూడా. ఎమర్జెన్సీ రోజుల్లో ఒక పొద్దున, ఎవరినో అరెస్టు చేసిన వార్త చదివి, "ఇదేం న్యాయం మావయ్యగారూ, కారణం చెప్పకుండా లోపల పెట్టడమేమిటి" అంది. ఆయన కసురుకోలేదు. నెమ్మదిగానే అన్నాడు. "అమ్మాయ్, చదవమన్నాను గానీ చెప్పమన్నానా?"

అమ్మ మళ్లీ చదవడం మొదలుపెట్టింది. ఈ సంగతి ఆమె నాకు నవ్వుతూ చెప్పింది, అదీ ఆయన పోయిన ఎన్నో ఏళ్లకి.

ఇప్పుడు టీవీ వ్యాఖ్యానానికి వద్దాం. 2003లో దక్షిణాఫ్రికాలో జరిగిన ప్రపంచ కప్ సమయంలో సెట్ మ్యాక్స్ చానెల్ 'ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్' కార్యక్రమంలో మందిరా బేడీని కూర్చోబెట్టింది. ఆమె నటి, క్రికెటర్ కాదు. ఆటను ఇష్టంగా చూసే మామూలు ప్రేక్షకురాలి తరఫున అడగడం ఆమె పని. ఆమె చీరల గురించి, జాకెట్ల గురించి ఆ రోజుల్లో పేపర్లలో వచ్చినన్ని మాటలు ఆమె అడిగిన ప్రశ్నల గురించి రాలేదు. తాను ఒక ప్రశ్న అడిగితే పక్కనున్న మాజీ క్రికెటర్లలో కొందరు దాన్ని పట్టించుకోకుండా తమకు తోచింది చెప్పుకుంటూ పోయేవారని ఆమె తర్వాత ఇంటర్వ్యూలలో చెప్పారు. అప్పట్లో మనలో కూడా చాలామంది ఆమెను అలంకారంగా పెట్టారని విసుక్కున్నాం. చానెల్ ఉద్దేశం అదే కావచ్చు. కానీ చానెల్ మీద పెట్టాల్సిన కోపం ఆమె మీద పెట్టాం. ప్రశ్నకు జవాబు చెప్పని మగవాళ్ల మీద కొంచెం కూడా పెట్టలేదు. ఆమె ఆట ఆడలేదు కాబట్టి చులకన చేశాం అనుకుందాం. తర్వాత దశాబ్దంలో అంజుమ్ చోప్రా, ఈసా గుహా, లీసా స్థలేకర్, మెలనీ జోన్స్ వంటివాళ్లు ఐపీఎల్ వ్యాఖ్యానంలోకి వచ్చారు. అందరూ తమ దేశాలకు ఆడినవాళ్లు, కొందరు నాయకత్వం వహించినవాళ్లు. అయినా 'విషయం తెలుసులే గానీ వినడానికి బాగోదు' అనే మాట ఆగలేదు. విషయం లేదన్న సాకు పోతే స్వరం బాగోలేదన్న సాకు వచ్చింది.

2018 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో పోర్చుగల్, మొరాకో మ్యాచ్‌కి విక్కీ స్పార్క్స్ వ్యాఖ్యానం చేశారు. ప్రపంచ కప్ మ్యాచ్‌కి బ్రిటిష్ టీవీలో ప్రత్యక్ష వ్యాఖ్యానం చేసిన మొదటి స్త్రీ ఆమె. జేసన్ కండీ అనే మాజీ ఆటగాడు టీవీలో కూర్చుని, తొంభై నిమిషాల పాటు ఎత్తైన శ్రుతిలో వినడం తనకు ఇష్టంలేదని, ఉత్కంఠ ఉన్న సమయంలో గొంతు కాస్త కింది స్థాయిలో ఉండాలని అన్నాడు. గొడవయ్యాక క్షమాపణ చెప్పాడు. జర్మనీలో క్లాడియా నోయ్‌మన్ 2016లో మగవాళ్ల యూరో కప్‌కి వ్యాఖ్యానం చేసినందుకు తిన్న తిట్లకు లెక్కలేదు. 2018లో ఆమెను తిట్టినవాళ్ల మీద జెడ్‌డిఎఫ్ చానెల్ ఫిర్యాదు చేయాల్సి వచ్చింది.

కండీ మాటలో ఒక పొరపాటు ఉంది. ఉత్కంఠలో మనిషి గొంతు కిందికి దిగదు, పైకి లేస్తుంది. స్వరతంత్రులు బిగుసుకుంటాయి, శ్రుతి పెరుగుతుంది. ఇది ఆడా మగా అందరికీ జరుగుతుంది. 2011 ఏప్రిల్ 2న వాంఖడేలో ధోనీ కొట్టిన ఆఖరి సిక్సర్‌కి రవిశాస్త్రి ఎలా అరిచాడో మన పిల్లలు అనుకరించి చూపిస్తారు. దక్షిణ అమెరికా వ్యాఖ్యాతలు 'గోల్' అన్న ఒక్క అక్షరాన్ని ఊపిరి ఉన్నంతసేపు సాగదీస్తారు. వాటిని కీచుమన్నాయి అని ఎవరూ అనరు. 'ఆవేశం', 'ఆటలో లీనం కావడం' అంటారు. మగవాడి గొంతు పైకి లేస్తే అది ఆట వల్ల. ఆడమనిషి గొంతు పైకి లేస్తే అది ఆమె వల్ల.

దీన్ని ప్రకృతి మీదికి నెట్టేవాళ్లున్నారు. కాబట్టి శాస్త్రం ఏమంటుందో కూడా చూడాలి. 2012లో కేసీ క్లాఫ్‌స్టాడ్, రిండీ ఆండర్సన్, సూసన్ పీటర్స్ అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. తనకు ఓటు వేయమని అడిగే ఒకే వాక్యాన్ని ఆడవాళ్లతో, మగవాళ్లతో చెప్పించి రికార్డు చేశారు. ఒక్కో గొంతును యంత్రంతో కొంచెం పైకి, కొంచెం కిందికి జరిపి శ్రోతలకు వినిపించారు. శ్రోతలు ఆడవాళ్లయినా మగవాళ్లయినా కింది స్థాయి గొంతుకే ఎక్కువగా ఓటు వేశారు. మాట అదే, మనిషి అదే, మారింది శ్రుతి ఒక్కటే. అంటే స్వరం నమ్మకం మీద పనిచేస్తుందన్నది కట్టుకథ కాదు. నా రిమోట్ దానికి సాక్ష్యం.

కానీ ఈ అభిరుచి పుట్టుకతోనే వచ్చిందా? ఆస్ట్రేలియాలో సెసీలియా పెంబర్టన్ బృందం చేసిన పరిశీలన దీనికి ఇంకో వైపు చూపిస్తుంది. 1945లో రికార్డు చేసిన యువతుల గొంతులను 1990ల మొదట్లో అదే వయసు యువతుల గొంతులతో పోల్చారు. సగటు శ్రుతి 229 హెర్ట్జ్ నుంచి 206 హెర్ట్జ్‌కు దిగింది. అర్ధ శతాబ్దంలో 23 హెర్ట్జ్. అంత కొద్ది కాలంలో శరీర నిర్మాణం మారదు. ఆడవాళ్లు ఉద్యోగాల్లోకి, సమావేశాల్లోకి, మైకుల ముందుకు వచ్చారు. వాళ్లు మాట్లాడే పద్ధతి మారింది. గొంతు కూడా మనం కట్టుకునే బట్టలాంటిదే, సమాజం కొలతలు తీసుకుని కుడుతుంది. యంత్రాలూ ఇందులో భాగస్వాములే. పాత టెలిఫోను లైను దాదాపు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే ధ్వనిని మోసేది. స, శ వంటి హల్లుల బలం ఎక్కువగా ఆ పై హద్దుకు అవతల ఉంటుంది. స్త్రీల ఉచ్చారణలో ఇంకా పైన ఉంటుంది. ముందు దాన్ని కత్తిరించి, తర్వాత ఆడవాళ్ల మాట స్పష్టంగా లేదన్నారు.

మరి ఏం చేయాలి? మార్గరెట్ థాచర్ చేసింది ఒక దారి. ఆమె గొంతు దించుకోవడానికి శిక్షణ తీసుకుంది. గెలిచింది కూడా. కానీ ఆ గొంతుతో ఆమె ఎవరి తరఫున మాట్లాడిందో బ్రిటన్ గని కార్మికుల భార్యలను అడగాలి. అధికారానికి తగ్గట్టు స్వరాన్ని మార్చుకున్నంత మాత్రాన అధికారం మారదు.

రెండో దారి మన వార్తా చానెళ్లలో రోజూ చూస్తున్నాం. 2003, 2004 నుంచి తెలుగులో ఇరవై నాలుగు గంటల వార్తలు మొదలయ్యాయి. అంతకుముందు 1983 నవంబరు 14న హైదరాబాదు దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివిన శాంతిస్వరూప్ తరహా ఒకటి ఉండేది. ప్రాంప్టర్ లేని రోజుల్లో వార్తలను గుర్తుపెట్టుకుని, హడావిడి లేకుండా చెప్పేవారు. ఆయన 2024లో చనిపోయినప్పుడు అందరూ తలచుకున్నది ఆ నిదానాన్నే. ఇప్పటి చర్చా కార్యక్రమాల్లో నిజానికి కొలత శబ్దం. ఎవరు ఎక్కువ అరిస్తే వాళ్లు 'నిలదీసినట్టు'. స్త్రీ యాంకర్లు కూడా అదే అరుపు నేర్చుకున్నారు, నేర్చుకోక వాళ్లకు ఉద్యోగం లేదు. అయినా మగవాడు అరిస్తే 'నిలదీశాడు', ఆమె అరిస్తే 'గయ్యిమంది'. చర్చకు పిలిచిన స్త్రీ గొంతు కాస్త పెంచగానే "ఆవేశపడకండి మేడమ్" అన్న సలహా సిద్ధంగా ఉంటుంది. అప్పటిదాకా ఆవేశపడుతున్నది ఎదుటి మగవాడే అయినా సరే. కంచు మోత గురించి వేమన అభిప్రాయం బడిపిల్లలకు కూడా తెలుసు. మనమేమో కంచుకంఠాన్ని గొప్ప బిరుదుగా ఇస్తూనే ఉన్నాం. అరుపును సమానంగా పంచుకోవడం నేను కోరుకునే సమానత్వం కాదు.

మూడో దారి ఒకటి తెలంగాణ చూపించింది. వి6 చానెల్లో 'తీన్మార్ వార్తలు'లో శివజ్యోతి సావిత్రి పాత్రగా వచ్చింది. అచ్చమైన ఊరి భాష, గట్టి గొంతు, దాపరికం లేని దబాయింపు. స్టూడియో తెలుగు ఏ గొంతునైతే మొరటు అని బయట నిలబెట్టిందో ఆ గొంతే రాత్రిపూట ఇళ్లలో ఇష్టంగా వినిపించింది. రోడ్డు వేయలేదని, నీళ్లు రావడం లేదని ఆమె అడిగితే, ఆ అడగడం మా ఇంటి పక్కామె అడిగినట్టే ఉందని జనం నమ్మారు. గంభీరంగా లేకుండానే నమ్మారు. ఏ స్వరం విశ్వసనీయం అన్న ప్రశ్నలో ఆడ, మగ తేడాతోపాటు ప్రాంతం, కులం, చదువు కూడా ఉన్నాయని ఇది గుర్తుచేస్తుంది. అయితే ఈ గొంతుకు దొరికిన చోటు కూడా గమనించాలి. అది నవ్వుల వార్తల చోటు. ప్రధాన వార్తల బల్ల దగ్గర మాత్రం పాత తెలుగే, పాత గాంభీర్యమే కొనసాగింది. నవ్వించే షరతు మీద ఆమెకు మైకు ఇచ్చారు. పూర్వం రేడియోలో అక్కయ్యగా ఉండే షరతు మీద ఇచ్చినట్టే. న్యాయపతి కామేశ్వరి గారిని రేడియో అక్కయ్యగా రెండు తరాల పిల్లలు ప్రేమించారు. అది చిన్న విషయం కాదు. కానీ స్త్రీ గొంతు బయటికి రావాలంటే అక్కయ్యో, హాస్యమో, అందమో ఏదో ఒకటి తోడు రావాలి. ఒంటరిగా, 'నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను' అని రాకూడదు. 'యాంకరమ్మ' అన్న పిలుపులో ఆ చనువూ ఉంది, ఆ చులకనా ఉంది.

ఇంతా రాశాక నేను చేసిన పని ఒకటి చెప్పకుండా ముగిస్తే అది నిజాయితీ కాదు. కొన్నేళ్ల కిందట ఒక కాలేజీలో వక్తృత్వ పోటీకి న్యాయనిర్ణేతగా వెళ్లాను. మార్కుల కాగితంలో విషయానికి, భాషకు, స్వరానికి వేరువేరు గడులున్నాయి. ఒక అమ్మాయి బీడీ కార్మికుల గురించి మాట్లాడింది. వాళ్లమ్మ బీడీలు చుడుతుందని ఆ మాటల్లోనే తెలిసింది. తూకంలో, ఆకుల్లో ఎక్కడ కోత పడుతుందో లెక్క తప్పకుండా చెప్పింది. చెబుతూ చెబుతూ గొంతు పెరిగింది, చివర్లో పగిలింది. విషయానికి నిండుగా మార్కులు వేసి, స్వరం గడిలో సగం కోసేశాను. బహుమతి రాలేదు. తర్వాత ఆమె వచ్చి ఎక్కడ పోయిందని అడిగితే, "గొంతు కొంచెం అదుపులో పెట్టుకుంటే బాగుంటుందమ్మా" అన్నాను.

"నేను చెప్పిన దాంట్లో తప్పుందా మేడమ్?" అంది.

లేదన్నాను. ఆమె తల ఊపి వెళ్లిపోయింది. ఆ రోజు నేను మా తాతయ్య వరండాలో ఆయన కుర్చీలో కూర్చున్నానని ఇప్పుడు తెలుస్తోంది. ఆయనలాగే నెమ్మదిగా, ప్రేమగా అన్నాను.

స్త్రీవాద విమర్శ ఇంతకాలం ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరి మాట అచ్చయింది అని అడిగింది. అది అవసరమే. ఎలా వింటున్నాం అన్నది కూడా అంతే పట్టుగా అడగాలి. వ్యాఖ్యాత స్వరాన్ని దిద్దడానికి శిక్షణ కేంద్రాలున్నాయి, చెవిని దిద్దడానికి లేవు. 1933లో బీబీసీకి ఉత్తరాలు రాసిన ఆడవాళ్లను తప్పుపట్టే ముందు, మన చేతుల్లో ఉన్న రిమోట్లను, మార్కుల కాగితాలను, సెమినార్లలో 'పేపరు బాగుంది గానీ ప్రెజెంటేషన్...' అని మనం వదిలేసే వాక్యాలను చూసుకోవాలి. ఏ గొంతుకైనా నమ్మకం పుట్టడానికి కొంత సమయం, కొంత అలవాటు కావాలి. మగ గొంతులకు ఆ సమయం అప్పనంగా దొరికింది. మిగతావాళ్లకు మొదటి ఓవర్లోనే శబ్దం తగ్గిపోతోంది.

తర్వాత వచ్చిన మ్యాచ్‌కి నేను రిమోట్ అమ్మ చేతికిచ్చాను. అదే వ్యాఖ్యాత వచ్చింది. ఈ పిచ్ మీద రెండువందలు దాటడం కష్టమని ఆమె అంటోంది. అమ్మ వింటూ వింటూ తల అడ్డంగా ఊపింది. "కాదు, ఆ పిల్ల తప్పు చెబుతోంది. మంచు పడితే బౌలర్లకి బంతి జారుతుంది. దాటుతారు" అంది. నేను నవ్వాను. అమ్మ ఆమె గొంతు గురించి ఒక్క మాట అనలేదు. ఆమె చెప్పినదాన్ని పట్టుకుని వాదించింది. ఒక వ్యాఖ్యాతకు అంతకంటే మర్యాద ఏముంటుంది?